అక్క పెన్సిలు రాత

ఒకరి నోట్లో చెయ్యి పెట్టి బతికే మనిషికి సొంత నోట్లో నాలుక లేకపోవడమేమిటే అని పిన్ని ఎప్పుడూ ఎగతాళి చేసేది. అందులో కల్పించి చెప్పిందేమీ లేదు. బస్సులో తన కాలు తొక్కినవాడికి తనే సారీ చెప్పే రకం అక్క. కూరగాయలవాడు పుచ్చువి అంటగడితే, ఇంటికొచ్చి చప్పుడు చెయ్యకుండా ఏరి పారేసే రకం. అలాంటి మనిషి ఒక మధ్యాహ్నం పదకొండుమంది పెద్దమనుషుల ముందు మైకు దగ్గరికి లాక్కుని మాట్లాడింది. మాట్లాడి గెలిచేదే. గెలవనివ్వనివాడి కథ కూడా ఇందులోనే వస్తుంది. వాడికి ఇంత చోటు ఇవ్వాల్సి రావడం చెప్పేవాళ్ళకే ఒళ్ళుమంటగా ఉంది గానీ, తప్పదు.

అక్కకి రికార్డుల్లో వేరే పేరుంది. జీతం కాగితం మీద తప్ప దానితో ఎవరికీ పని పడలేదు. క్లినిక్కులో రిసెప్షన్ అమ్మాయికి, మందుల కంపెనీ మనిషికి, కుర్చీలో వెనక్కి వాలిన డెబ్భై ఏళ్ళ తాతగారికి, అందరికీ ఆవిడ అక్కే. చేసే ఉద్యోగం డెంటల్ హైజినిస్టు. ఆ మాట చెప్తే సగంమందికి అర్థం కాదు. ఒక బ్యాంకు గుమస్తా అదేదో బాత్రూములు కడిగే పననుకుని, "ఏ పనైతేనేం లెండి, కష్టపడి బతకడం ముఖ్యం" అని ఓదార్చాడు. అక్క ఆయన్ని సరిదిద్దకపోగా థాంక్స్ కూడా చెప్పింది.

పళ్ళ మీద పేరుకున్న గార గీకడం, చిగుళ్ళు ఎంత లోతుకి వదులయ్యాయో గీతలున్న సన్నటి కడ్డీతో కొలవడం ఆవిడ పని. పన్ను తియ్యడం, తొలవడం, నింపడం డాక్టరు పని. ఇన్నేళ్ళు కొలిచిన చేతికి ఏ పన్ను నిలుస్తుందో, ఏది నిలవదో ముందే తెలిసిపోతుంది. తెలిసినా, తెలిసిందని రాసే హక్కు లేదు. ఫైలు కాగితంలో కుడిపక్కన "డాక్టరు నిర్ణయం" అని ఒక గడి ఉంటుంది. అందులో హైజినిస్టు కలం పెట్టకూడదు. పెడితే లైసెన్సు పోతుంది.

పదిహేడేళ్ళ కిందట ముసలి డాక్టరు క్లినిక్కు మూసేసుకుంటానంటే, అప్పుడే చదువు ముగించుకొచ్చిన ఒక కుర్రడాక్టరు దాన్ని తీసుకున్నాడు. రెండు కుర్చీలు, ఒక ఎక్స్-రే యంత్రం, గోడ మీద దంతాల బొమ్మ, వాటితోపాటు అక్క. మొదటిరోజు మొదటి పేషెంటుగా ఒక టీచరమ్మ వచ్చింది. డాక్టరు ఆవిడ నోట్లోకి చూశాడు, ఎక్స్-రే చూశాడు, మళ్ళీ నోట్లోకి చూశాడు. నుదుటి మీద చెమట పట్టింది. అద్దం ఒకసారి కుడిచేతిలోకి, ఒకసారి ఎడమచేతిలోకి మార్చుకున్నాడు. టీచరమ్మ పడుకునే, "తీసెయ్యాలాండీ?" అని అడిగింది. తీసేస్తానంటాడేమోనని అక్క గుండెల్లో రాయి పడింది, ఎందుకంటే ఆ పన్ను తియ్యాల్సిన పన్ను కాదు.

అప్పుడు అక్క ఒక పని చేసింది. చెవిమీద ఉన్న పెన్సిలు తీసి, ఆ కుడిగడిలోనే సన్నగా, కనీకనిపించకుండా రాసింది: కింది వరస, ఎడమ చివరి పన్ను, చిగురు కింద చీము, లోపల శుభ్రం చేస్తే నిలుస్తుంది. రాసి, ఫైలు ఆయన వైపు తిప్పింది. ఆయన చదివాడు. గొంతు సవరించుకుని, అదే మాట టీచరమ్మకి గంభీరంగా చెప్పాడు. తర్వాత జేబులోంచి పెన్ను తీసి, పెన్సిలు గీతల మీదే తన చేతిరాతలో సిరాతో రాశాడు. సాయంత్రం తలుపులు వేసే ముందు అక్క రబ్బరుతో కింది పెన్సిలు చెరిపేసి, రబ్బరు పొడి ఊదేసింది.

"అక్కా, ఇవాళ నువ్వు లేకపోతే నా పరువు పోయేది," అన్నాడు ఆయన.

"పోనిద్దూ. మొదటిరోజు ఎవరికైనా అంతే తమ్ముడూ," అంది అక్క.

అలా తమ్ముడయ్యాడు. పేషెంట్ల ముందు డాక్టరుగారు, తలుపు వేశాక తమ్ముడు. ఏడాది తిరిగేసరికి పని వచ్చేసింది. చెయ్యి నిలబడింది. కానీ పెన్సిలు మాత్రం ఆగలేదు. జనం పెరిగారు. అక్క చూసి, కొలిచి, పెన్సిలుతో రాసి పెట్టేది. ఆయన ఒక్క నిమిషం వచ్చి, పైన సిరాతో రాసి, పక్క కుర్చీకి వెళ్ళిపోయేవాడు. పదిహేడేళ్ళు ప్రతి సాయంత్రం అక్క ఆ గడులన్నీ తుడిచింది. తను రాసింది తన చేత్తోనే చెరిపేస్తున్నానని ఆవిడకి ఏనాడూ తట్టలేదు. బల్ల తుడిచినట్టు, పరికరాలు మరిగించినట్టు, అదీ సాయంత్రం పనుల్లో ఒకటి.

ఇక పిన్ని సంగతి. అక్కకి తొమ్మిదేళ్ళప్పుడు అమ్మ పోతే, చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టే పిన్ని తెచ్చి పెంచుకుంది. హైజినిస్టు కోర్సులో చేర్చిందీ ఆవిడే. "ఊళ్ళో ఎంతమందికి పళ్ళున్నాయో అంతమందికీ నీతో పని పడుతుందే, దిగులేముంది" అంది. పిన్ని మొండిఘటం. ఫ్యాక్టరీ సూపర్‌వైజరు ఒకసారి మాట తూలితే, క్షమాపణ చెప్పేదాకా అతని టేబులు మీదున్న రిజిస్టరులో సంతకం పెట్టనని, నాలుగు నెలలు హాజరు లేకుండానే పని చేసింది. చివరికి అతనే చెప్పుకున్నాడు.

మూడేళ్ళ కిందట పిన్నికి పక్షవాతం వచ్చింది. కుడిపక్కంతా పడిపోయింది. ఊరి చివర, మంచం దిగలేనివాళ్ళ కోసం ప్రభుత్వం నడిపే వసతి ఒకటుంది. అందరూ దాన్ని మంచాలిల్లు అంటారు. పొడుగాటి గది, రెండు వరసలు, నలభై మంచాలు. పిన్నిని అక్కడ చేర్చారు. మొదటి ఆదివారం అక్క టార్చి పట్టుకుని పిన్ని నోట్లోకి చూసింది. చచ్చుపడిన బుగ్గ లోపల మూడు రోజుల నాటి మెతుకులున్నాయి. చిగుళ్ళు ఉబ్బి, ముట్టుకుంటే నెత్తురు. ఆయాలని తప్పుపట్టడానికి లేదు. నలభైమందికి ఇద్దరు. మొహాలు తుడుస్తారు, తలలు దువ్వుతారు, దుప్పట్లు మారుస్తారు. నోరు తెరిచి చూసే తీరిక ఎవరికీ లేదు.

అక్క సంచీలోంచి పరికరాలు తీసి గంటసేపు శుభ్రం చేసింది. చేసి తలెత్తితే, పక్క మంచం మీది ముసలావిడ చూస్తోంది. ఆవిడ ఏమీ అడగలేదు. నోరు తెరిచింది. ఆవిడ తర్వాత ఆ పక్కావిడ. ఆ ఆదివారం ఆరుగురు. తర్వాత ప్రతి ఆదివారం ఇంకో ఆరేడుగురు. ఎన్నాళ్ళో అన్నం వద్దన్న ఒక పెద్దాయన, పుండైన చిగురు మానాక రెండోసారి పెట్టించుకుని తిన్నాడు.

ఆర్నెల్లకి పైనుంచి తనిఖీ వచ్చింది. హెడ్ నర్సు అక్కని పక్కకి పిలిచి, మొహం చిన్నది చేసుకుని చెప్పింది. "పక్కన డాక్టరు నిలబడి ఉంటే తప్ప మీరు పరికరం పెట్టకూడదటండీ. డాక్టరు ఉంటేనే ప్రభుత్వ బీమా ఖర్చిస్తుంది, ఉంటేనే అనుమతి. ఊరికే చేస్తానన్నా ఒప్పుకోరట. మీ పిన్నిగారికి బ్రష్షు చెయ్యండి, చుట్టం కాబట్టి. అంతవరకే."

డాక్టర్ల కోసం అక్క తిరగని క్లినిక్కు లేదు. కుర్చీ వదిలి ఊరి చివరికి రావడానికి ఎవరూ ఒప్పుకోలేదు. తమ్ముడు ఒక్కసారి వచ్చాడు. పిన్ని చెయ్యి పట్టుకుని పది నిమిషాలు కూర్చున్నాడు. పిన్ని మురిసిపోయింది. మళ్ళీ రాలేదు, తీరిక లేదన్నాడు. ఆ ఏడాదిలోనే పిన్నికి రెండుసార్లు ఊపిరితిత్తుల్లో చీము పట్టింది. రెండోసారి పెద్దాసుపత్రి డాక్టరు, "నోట్లోని మురికే ఊపిరితో లోపలికి దిగుతోంది. నోరు బాగుచెయ్యకపోతే ఇది మళ్ళీ వస్తుంది. ఈ వయసులో ఎన్నిసార్లని తట్టుకుంటారు?" అన్నాడు. నోరు బాగుచేసే మనిషి ఆయన ఎదురుగానే చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

ఆ రోజే అక్క నోట్లో నాలుక మొలిచింది.

ఊళ్ళో అక్కతో కలిపి ఆరుగురు హైజినిస్టులున్నారు. వాళ్ళని ఒక్కచోట కూర్చోబెట్టింది. వాళ్ళలో పొడుగ్గా, ఎవరితోనైనా వాదన పెట్టుకునే ఒకావిడని అందరూ లాయరు అని పిలుస్తారు. ఆవిడ చేతికి కాగితాలన్నీ ఇచ్చారు. కోరింది ఒక్కటే. డాక్టరు పక్కన లేకపోయినా, మంచాలిళ్ళలో, బడుల్లో హైజినిస్టు సొంతంగా చేసిన పనికి ప్రభుత్వ బీమా వర్తించాలి. మంచాల దగ్గర, బడుల దగ్గర, బస్టాండులో సంతకాలు సేకరించారు. రెండేళ్ళు పట్టింది. చెప్పులరిగాయి. చివరికి బీమా కమిటీ పిలిచింది. వచ్చి మీ వాదన చెప్పుకోండి, మీ తరఫున ఒక్క డాక్టరుని సాక్ష్యానికి తెచ్చుకోండి అంది. ఒక్కరినే.

రిటైరైన ఒక పెద్ద పళ్ళ డాక్టరమ్మ తనంతట తనే ఫోన్ చేసింది. "నేనొస్తానమ్మా. హైజినిస్టులు లేకపోతే నా కెరీరే లేదని చెప్తాను," అంది. లాయరు ఎగిరి గంతేసింది. అక్క మాత్రం వద్దంది. మా తమ్ముడు చెప్తాడు, పదిహేడేళ్ళు నా పక్కనే ఉన్నాడు, ఆయన చెప్తే ఇంకెవరూ కాదనలేరు అంది.

"ఆవిడకి పోయేదేం లేదక్కా," అంది లాయరు. "మీ తమ్ముడికి బోలెడుంది. రెండో క్లినిక్కు తెరిచాడు. డాక్టర్ల సంఘంలో తిరుగుతున్నాడు. ఆలోచించు."

అక్కకి కోపమొచ్చింది. జన్మలో ఎవరినీ ఒక మాట అననిది, "నా తమ్ముడి గురించి నాకు చెప్పకు" అంది.

తమ్ముడు కూడా అలాగే మాట్లాడాడు. "అక్కా, నాకు పని నేర్పింది నువ్వని నేనే చెప్తాను. పెన్సిలు సంగతీ చెప్తాను. దాచడానికేముంది? మహా అయితే మందలిస్తారు." పాత ఫైళ్ళు కావాలన్నాడు, కమిటీకి చూపించడానికి. అక్క రెండు రోజులు స్టోరు గదిలో కూర్చుని, దుమ్ము దులిపి, ఏడాదివారీగా పేర్చి, పెట్టెలో సర్ది ఇచ్చింది. పెట్టె మోస్తుంటే ఆయన అందుకోబోతే, "నీకెందుకు, నడుం పట్టేస్తుంది" అని తనే కారుదాకా మోసింది.

కమిటీ గదిలో పెద్ద గుండ్రటి బల్ల, ఒక్కొక్కరి ముందూ నీళ్ళ సీసా, చల్లటి గాలి. ఆరుగురూ ఒక వరసలో కూర్చున్నారు. తమ్ముడు ఇస్త్రీ చొక్కాతో వచ్చి, ఎదురు వరసలో డాక్టర్ల సంఘం వాళ్ళ మధ్య కూర్చున్నాడు. ఇటు కుర్చీలు చాలలేదేమో అనుకుంది అక్క. తన పక్కన ఒక కుర్చీ ఖాళీగానే ఉంది. నమ్మకం అంటే అదే కాబోలు, కళ్ళెదుట ఉన్న కుర్చీ కూడా కనిపించదు.

లాయరు లెక్కలు చెప్పింది. తర్వాత అక్క లేచింది. మొదటి రెండు మాటలూ ఎవరికీ వినపడలేదు, మైకు దగ్గరికి లాక్కుంది. మూడో మాట నుంచి పిన్ని బుగ్గలోని మెతుకుల గురించి చెప్పింది, అడక్కుండా నోరు తెరిచిన ముసలావిడ గురించి చెప్పింది. "వాళ్ళు నన్ను చూసి నోరు తెరుస్తారు. తెరిచిన నోటిని మూసుకోమ్మా అని చెప్పి రావడం నా వల్ల కావట్లేదు," అంది. కమిటీ అధ్యక్షురాలు కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"మీ పనితనం గురించి అనుమానం లేదమ్మా," అంది ఆవిడ. "కానీ డాక్టరు లేకుండా మీరు ఏది అవసరమో, ఏది కాదో నిర్ణయించగలరా? ఇదివరకు ఎప్పుడైనా నిర్ణయించారా?"

"మా డాక్టరుగారు చెప్తారండీ. ఆయన నోటితోనే వినండి," అంది అక్క, నవ్వుతూ.

తమ్ముడు లేచాడు. ముందు అక్కకే దణ్ణం పెట్టాడు.

"ఈవిడ నాకు సొంత అక్కకన్నా ఎక్కువ. నాకు అన్నం పెట్టిన చెయ్యి అనుకుంటాను. అందుకే నిజం చెప్పాల్సిన బాధ్యత నా మీదుంది." పెట్టె తెరిచాడు. "పదిహేడేళ్ళ ఫైళ్ళు. అక్కే స్వయంగా సర్ది ఇచ్చింది. కుడిపక్క గడి చూడండి. డాక్టరు నిర్ణయం. వేల కాగితాలున్నాయి. ఒక్కదాంట్లో అక్క చేతిరాత ఉంటే చూపించండి. ప్రతి అక్షరం నాది. ఆవిడ చెయ్యి బంగారం, ఒప్పుకుంటాను. కానీ చేసే చెయ్యి వేరు, చూసే కన్ను వేరు. కన్ను లేకుండా ఆ చేతిని నలభైమంది నోళ్ళలో పెడితే, రేపు ఏదైనా జరిగితే, బాధపడేది మా అక్కే. ఆవిడ మంచి కోరే చెప్తున్నాను."

కాగితాలు బల్ల చుట్టూ తిరిగాయి. అక్క కూర్చున్నచోటి నుంచే ఆ కాగితాలు గుర్తుపట్టింది. ఆ గడుల్లో రబ్బరు రుద్దినచోట కాగితం కాస్త గరుకుగా ఉంటుంది, వేలితో తడిమితే తెలుస్తుంది. తడిమేవాళ్ళెవరు? నమ్మించి గొంతు కోయడమంటే విన్నది గానీ, కోసేటప్పుడు ఇంత మెత్తగా ఉంటుందని, అక్కా అక్కా అంటూనే కోస్తారని ఆవిడకి తెలీదు.

"ఇది నిజమేనా అమ్మా?" అని అడిగింది అధ్యక్షురాలు. "ఆ గడిలో మీరెప్పుడైనా రాశారా?"

రాశానంటే, పదిహేడేళ్ళు చట్టం మీరినట్టు. తన లైసెన్సు పోతుంది. పక్కనున్న ఐదుగురి మీదా మచ్చ పడుతుంది. ఆయన లైసెన్సూ పోతుంది. అక్క ఆయన వైపు చూసింది. ఆయన పెట్టె మూత సరిచేసుకుంటున్నాడు. ఒక్కసారి తలెత్తి చూసి ఉంటే, ఆ చూపులో కాస్త సిగ్గు కనిపించి ఉంటే, అక్క ఏం చెప్పేదో. ఆయన తలెత్తలేదు.

"అందులో ఉన్న సిరా అంతా ఆయనదేనండీ," అంది అక్క.

అబద్ధం కాదు. ఆ ఘడియలో కూడా వాణ్ణి కాపాడింది. ఏళ్ళ తరబడి చేసిన పని ఒక్కరోజులో మానడం ఎవరి తరం?

బయట మెట్ల మీద ఐదుగురూ నిలబడ్డారు. ఎవరూ అక్కని తిట్టలేదు. తిట్టినా బాగుండేది. లాయరు చేతిలోని ఫైలు అంచు గిల్లుతూ అంది.

"వాడు నీకు తమ్ముడక్కా. మాకెవరు? నీ తమ్ముడి మీద మా అందరి బతుకూ పెట్టేశావు."



మర్నాడు ఉదయం కాళ్ళు వాటంతటవే క్లినిక్కుకి తీసుకెళ్ళాయి. ఆయన అప్పటికే వచ్చి ఉన్నాడు. మామూలుగా ఆలస్యంగా వచ్చే మనిషి.

"కోపమా అక్కా?" అన్నాడు.

అక్క భుజం మీది సంచీ దించలేదు.

"నేను ఒక్క అబద్ధం చెప్పానా? నువ్వే చెప్పు."

"చెప్పలేదు."

"మరి?"

"పెన్సిలు సంగతి చెప్తానన్నావు."

ఆయన కుర్చీ మీద దుమ్ము లేకపోయినా చేత్తో దులిపాడు. "చెప్తే నా లైసెన్సు ఉండేదా? పోనీ అది వదిలెయ్. నీకు సొంతంగా బీమా వస్తే నువ్విక్కడ ఉండేదానివా? నువ్వెళ్ళిపోతే ఈ రెండు క్లినిక్కులు ఏం కావాలి? పేషెంట్లు నన్ను చూసి వస్తున్నారా అక్కా, నిన్ను చూసి వస్తున్నారు. నాకు తెలీదా? నిన్ను వదులుకోలేకే చేశాను."

అక్కకి అప్పటిదాకా ఏడుపు రాలేదు, ఈ మాటకి వచ్చింది. తను ఎందుకూ పనికిరాదని వాడు అనుకుని ఉంటే, అలా చెప్పినా ఓర్చుకునేది. తన విలువ అందరికన్నా వాడికే బాగా తెలుసు. తెలిసి, అంతమంది ముందు, దానిమీద మూత పెట్టాడు. చెవిమీది పెన్సిలు తీసి బల్ల మీద పెట్టి, "ఇక రాను" అని చెప్పి, తలుపు దబాలున వేసి వచ్చేసింది. రిసెప్షన్ అమ్మాయి గడపదాకా వచ్చి, "అక్కా, పదకొండింటికి తాతగారి అపాయింట్‌మెంటుంది" అని పిలుస్తూనే ఉంది.

నలభై రోజులకి పిన్నికి మూడోసారి ఊపిరితిత్తుల్లో చీము పట్టింది. బతికి బయటపడింది గానీ, సగం మనిషయింది. మంచాలిల్లుకి తిరిగొచ్చాక గ్లాసు కూడా ఎత్తలేకపోయింది. మాట మాత్రం తగ్గలేదు. "మీ కమిటీ ఏమందే?" అని అడిగితే అక్క, "ఇంకా తేలలేదు పిన్నీ" అంది. "తేలేలోపు నేను తేలిపోతాను" అంది పిన్ని, ఒక పక్క పెదవితో నవ్వుతూ.

కొన్నాళ్ళకి కమిటీ తేల్చింది కూడా. హైజినిస్టుల మొర విని కదిలిపోయామని ఉత్తర్వులో మొదటి వాక్యం. రెండో వాక్యంలో అసలు సంగతి ఉంది. మంచాలిళ్ళకి హైజినిస్టుని పంపే డాక్టరు క్లినిక్కులకి బీమా ఇస్తారు. ప్రతి రోగినీ డాక్టరు స్వయంగా చూసి, అవసరమని నిర్ణయించి, సంతకం పెట్టాలి. రెండేళ్ళు వీళ్ళు చెప్పులరగదీసి తెరిపించిన తలుపులోంచి ముందుగా నడిచి వెళ్ళినవాడెవడో చెప్పక్కర్లేదు. మంచాలిల్లు పని ఆయన క్లినిక్కుకే వచ్చింది.

ఆయన అక్క గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. లోపలికి రమ్మని అక్క అనలేదు.

"అక్కా, వార్డంతా నీదే. వారానికి మూడు రోజులు. నలభైమందీ. పిన్నిగారు కూడా. నువ్వు కోరుకున్నది ఇదే కదా? నీ పని నువ్వు చేసుకో, చూడాల్సింది నేను చూసుకుంటాను."

లాయరుకి ఫోన్ చేసింది. "వెళ్ళకక్కా," అంది లాయరు. "వెళ్ళావంటే వాడు ఆ రోజు చెప్పిందానికి నువ్వే సాక్ష్యం." అక్క ఊఁ కొట్టింది. ఫోన్ పెట్టేశాక పిన్ని దగ్గు గుర్తొచ్చింది. ఆ దగ్గు అడుగునుంచి తోడుకొస్తున్నట్టు ఉంటుంది. దాని ముందు మిగతా మాటలేవీ నిలబడలేదు. మరుసటి సోమవారం సంచీ సర్దుకుని మంచాలిల్లుకి వెళ్ళింది.

హెడ్ నర్సు ఎదురొచ్చి, సంబరంగా ఒక అట్ట ఫైలు చేతికిచ్చింది. లోపల నలభై ఫారాలున్నాయి. ఒక్కోదాని పైన రోగి పేరు రాసే చోటు, మంచం నంబరు రాసే చోటు, నోట్లో ఏముందో రాసే చోటు, మూడూ ఖాళీ. అడుగున అచ్చులో ఒక వాక్యం: రోగిని నేను స్వయంగా పరీక్షించి, ఈ చికిత్స అవసరమని నిర్ణయించాను. దాని కింద సంతకం, తేదీ. అన్నిట్లోనూ ఒకే సిరా, ఒకే వాటం. తేదీ ఆ రోజుదే.

"డాక్టరుగారెప్పుడొచ్చారండీ?" అని అడిగింది అక్క.

"ఆయనెందుకు వస్తారు, తీరికెక్కడుందీ? నిన్న డ్రైవరు తెచ్చిచ్చి వెళ్ళాడు," అంది హెడ్ నర్సు. "పేర్లు మీరు రాసుకుంటారని చెప్పాడు."

అక్క ఆ ఫారాలు పట్టుకుని గది మధ్యలో నిలబడిపోయింది. కన్ను లేకుండా చెయ్యి పనికిరాదని పదకొండుమంది ముందు దణ్ణం పెట్టి మరీ చెప్పిన కన్ను ఇది. ఈ ఒక్క ఫైలు తీసుకెళ్ళి అధ్యక్షురాలి బల్ల మీద పెడితే చాలు, వాడి పని అయిపోతుంది. దాంతోపాటు ఈ అనుమతీ పోతుంది. ఇంకో క్లినిక్కు దొరికేదాకా, ఏడాదో రెండేళ్ళో, మళ్ళీ ఎవరూ ఈ నలభై నోళ్ళూ తెరిచి చూడరు. వాడికి ఆ సంగతి తెలుసు. తెలిసే ఇంత ధీమాగా ఖాళీ కాగితాల మీద సంతకాలు పెట్టి పంపాడు. అక్క ఏం చేస్తుందో వాడికన్నా బాగా తెలిసినవాళ్ళు లోకంలో లేరు. అక్క చేతి తొడుగులు వేసుకుంది.

పిన్ని మంచం దగ్గరికి వచ్చేసరికి మధ్యాహ్నమైంది. దిండు ఎత్తు చేసి, తల పక్కకి వాల్చి, ముందు ఎడమ బుగ్గని వేలితో పైకెత్తింది. గార గట్టిపడి ఉంది. నెమ్మదిగా, ఒక్కో పన్నే, గీకింది, కడిగింది, గుడ్డతో తుడిచింది. ఎడమ వైపు అయ్యాక పిన్ని నాలుకతో పళ్ళు తడిమి చూసుకుంది. ఎన్నాళ్ళకో కళ్ళల్లో వెలుగొచ్చింది.

"ఆ డాక్టరే పంపించాడటగా నిన్ను. నర్సు చెప్పింది," అంది ముద్దముద్దగా. "మంచివాడే. పదినిమిషాలు పక్కన కూర్చుని వెళ్ళినవాడు ఈ ముసలిదాన్ని గుర్తుపెట్టుకున్నాడు చూడు."

అక్క పరికరం చివర తుడిచింది. ఒక్క మాట చాలు. సంగతి తెలిస్తే పిన్ని నోరు బిగించేస్తుంది. వాడి సంతకంతో నడిచే పరికరాన్ని చచ్చినా లోపలికి రానివ్వదు. అక్షరాలా చచ్చినా.

"నా మాటగా చెప్పు," అంది పిన్ని. "చల్లగా ఉండమన్నానని చెప్పు. నీకు తోడబుట్టినవాళ్ళు లేని లోటు తీర్చాడు. చెప్తావా?"

"చెప్తాను పిన్నీ," అంది అక్క. "కుడిపక్క ఇంకా ఉంది. నోరు తెరువు."